ఫుట్‌బాల్ కోసం ఒక్క ప్రయాణం: లివర్‌పూల్, డోర్ట్‌మండ్, మాడ్రిడ్, మిలాన్, బ్యూనస్ ఐరిస్‌లలో ఎక్కడికి?

యూరప్ మేటి క్లబ్బులు తలపడే ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ చలికాలంలో మనకు రాత్రి ఒంటిగంటన్నరకు మొదలవుతుంది. ఇంట్లోవాళ్ళు లేవకుండా సౌండ్ తగ్గించి, గోల్ పడితే దిండులో మొహం దాచుకుని అరిచేవాళ్ళు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ విశాఖలోనూ బోలెడుమంది. అలా ఏళ్ళ తరబడి చూసినవాళ్ళకు ఒక్కసారైనా ఆ స్టేడియంలో కూర్చోవాలని ఉంటుంది. డబ్బులు కూడబెట్టుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది. ఎక్కడికి వెళ్ళాలి?

చాలామంది క్లబ్ పేరు చూసుకుని ముందు ఫ్లైట్ బుక్ చేస్తారు, మ్యాచ్ టికెట్ కోసం ఆ తర్వాత వెతుకుతారు. నా సలహా దీనికి సరిగ్గా ఎదురు. టికెట్ నిజాయితీగా, క్లబ్ దగ్గర నుంచే దొరికే దారి ఎక్కడ ఉందో ముందు చూడండి. ఊరు ఆ తర్వాత తేల్చుకోవచ్చు. వేల మైళ్ళు వెళ్ళి స్టేడియం గేటు బయట నిలబడి లోపలి అరుపులు వినడం కంటే చేదు అనుభవం అభిమానికి ఇంకొకటి ఉండదు.

## ముందు చూసుకోవాల్సినవి

టికెట్. పెద్ద క్లబ్బుల టికెట్లలో ఎక్కువ భాగం సీజన్ టికెట్ (సీజన్ మొత్తానికి ఒకేసారి కొనేది) ఉన్నవాళ్ళకే పోతుంది. మిగిలినవి సభ్యులకు, వాళ్ళలోనూ చాలాచోట్ల లాటరీ పద్ధతిలో ఇస్తారు. బయటివాళ్ళకు అమ్మేది అన్నిటికన్నా చివర, అదీ మిగిలితేనే. కాబట్టి మనసులో ఒక క్లబ్ ఉంటే సీజన్ మొదలయ్యే ముందే దాని సభ్యత్వం తీసుకోండి. కొన్ని క్లబ్బులు తమ గుర్తింపు ఉన్న విదేశీ ఫ్యాన్ క్లబ్బులకు కొద్దిపాటి టికెట్లు కేటాయిస్తాయి. మీ నగరంలో అలాంటిది ఉంటే అందులో చేరితే కలిసొస్తుంది.

క్యాలెండర్. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. దసరా సెలవులు కలిసొస్తాయని అక్టోబరు మొదట్లో వెళ్దామనుకుంటారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో జాతీయ జట్ల మ్యాచ్‌ల కోసం క్లబ్ ఆటలు ఆపేస్తారు. నవంబరులో, మార్చి చివర్లో కూడా అంతే. జూన్, జులైల్లో యూరప్ పెద్ద లీగుల్లో ఆటే ఉండదు. సంక్రాంతికి వెళ్తే ఇంగ్లండ్‌లో సీజన్ జోరుగా సాగుతుంటుంది, జర్మనీ అప్పుడప్పుడే శీతాకాల విరామం నుంచి బయటికొస్తుంది. చలి తట్టుకోలేనివాళ్ళకూ, పిల్లల సెలవులు చూసుకోవాల్సినవాళ్ళకూ ఏప్రిల్ చివరి నుంచి మే మధ్య వరకు చాలా మంచి సమయం. టైటిల్ ఎవరిది, కింది డివిజన్‌కు పడేది ఎవరు అన్నది తేలే వారాలు అవే.

ఇంకో సంగతి. షెడ్యూల్లో శనివారం అని ఉన్న మ్యాచ్ టీవీ కోసం శుక్రవారం రాత్రికో, ఆదివారానికో, ఒక్కోసారి సోమవారానికో మారిపోతుంది. ఖాయమైన తేదీ, సమయం కొన్ని వారాల ముందు మాత్రమే తెలుస్తాయి. మ్యాచ్‌కు అటూ ఇటూ రెండేసి రోజులు ఖాళీ ఉంచుకోనివాళ్ళు ఫ్లైట్ బుక్ చేయకపోవడమే మంచిది.

వీసా. జర్మనీ, స్పెయిన్, ఇటలీ మూడింటికీ ఒకే షెంగెన్ వీసా చాలు. పెద్దవాళ్ళకు 2024 నుంచి ఫీజు 90 యూరోలు. బ్రిటన్ వీసా వేరు. రెండూ తీసుకుంటే ఖర్చూ పెరుగుతుంది, పాస్‌పోర్ట్ రెండుసార్లు ఇచ్చి ఎదురుచూడాలి.

వెంట వచ్చేవాళ్ళు. మీకు ఆట పిచ్చి, మీ ఆవిడకో ఆయనకో అది పట్టదు అనుకోండి. అప్పుడు తొంభై నిమిషాల ఆట కన్నా మిగిలిన ఐదు రోజులే ఆ ప్రయాణం ఎలా జరిగిందో తేలుస్తాయి.

| ఊరు | టికెట్ దొరకడం | లోపల సందడి | ఆట కాక | ఎవరికి |
|---|---|---|---|---|
| లివర్‌పూల్, మాంచెస్టర్ | చాలా కష్టం | పెద్ద మ్యాచ్‌లకు అద్భుతం | బాగుంటుంది | ఏళ్ళుగా ఒకే క్లబ్‌ను నమ్ముకున్నవాళ్ళకు |
| డోర్ట్‌మండ్, చుట్టుపక్కల | మధ్యస్థం, పక్క ఊళ్ళలో తేలిక | అన్నిటికంటే ఎక్కువ | అంతంతమాత్రం | మొదటిసారి వెళ్ళేవాళ్ళకు |
| మాడ్రిడ్, బార్సిలోనా | దొరుకుతుంది, ధర ఎక్కువ | మ్యాచ్‌ను బట్టి | చాలా ఉంది | కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు |
| మిలాన్ | చాలా మ్యాచ్‌లకు దొరుకుతుంది | బాగా ఉంటుంది | చాలా ఉంది | పాత స్టేడియాలంటే ఇష్టం ఉన్నవాళ్ళకు |
| బ్యూనస్ ఐరిస్ | బోకా, రివర్ క్లబ్బులకు చాలా కష్టం | మాటల్లో చెప్పలేం | చాలా ఉంది | యూరప్ చూసేసినవాళ్ళకు |

## లివర్‌పూల్, మాంచెస్టర్

మన దగ్గర అభిమానులు ఎక్కువ ఉన్నది ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌కే కాబట్టి మొదట దీని సంగతే చూద్దాం. లివర్‌పూల్ క్లబ్ స్టేడియం ఆన్‌ఫీల్డ్ 1884 నాటిది. మొదట అక్కడ ఆడింది అదే ఊరి మరో క్లబ్ ఎవర్టన్. అద్దె గొడవలొచ్చి వాళ్ళు వెళ్ళిపోయాక 1892లో లివర్‌పూల్ క్లబ్ పుట్టింది. ఇప్పుడు దాదాపు 61 వేలమంది పడతారు, అయినా టికెట్ గగనమే. మామూలు సీటు ధర సుమారు 40 నుంచి 60 పౌండ్లు. డబ్బు పెద్ద సమస్య కాదు, లాటరీలో పేరు రావడమే సమస్య. భోజనంతో కలిపి అమ్మే హాస్పిటాలిటీ ప్యాకేజీ ఇంకో దారి. ఖరీదు కొన్ని రెట్లు ఉన్నా అది క్లబ్ నేరుగా అమ్మేది, మోసం ఉండదు.

బ్లాకులో కొనడం గురించి స్పష్టంగా చెప్పాలి. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్‌ను అనుమతి లేకుండా తిరిగి అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. అలా చేతులు మారిన టికెట్‌ను క్లబ్ రద్దు చేస్తే మీ డబ్బు ఎవరూ తిరిగి ఇవ్వరు. సోషల్ మీడియాలో పరిచయమైన 'బ్రదర్' ఎంత నమ్మకంగా మాట్లాడినా వద్దు.

మ్యాచ్ రోజున శాండ్‌హిల్స్ స్టేషన్‌లో దిగి 917 నంబరు బస్సెక్కితే ఆన్‌ఫీల్డ్ దగ్గర దింపుతుంది. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ఇటుక ఇళ్ళ వరసల మధ్య నుంచి స్టేడియం ఒక్కసారిగా పైకి లేచి కనిపిస్తుంది. స్కార్ఫ్ కొనాలనుకుంటే రెండు జట్ల పేర్లూ సగం సగం ఉండేది మాత్రం కొనకండి. అక్కడి పాత అభిమానులకు అదంటే గిట్టదు. లోపలికి వెళ్ళే ముందు 1989లో హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో ప్రాణాలు కోల్పోయిన 97 మంది లివర్‌పూల్ అభిమానుల పేర్లున్న స్మారకం దగ్గర ఒక నిమిషం ఆగండి. ఆట మొదలయ్యే ముందు వీరాభిమానులుండే కాప్ స్టాండ్ మొత్తం స్కార్ఫులు చాచి పట్టుకుని ఎందుకంత గుండె పెట్టి పాడుతుందో అప్పుడు అర్థమవుతుంది.

టికెట్ దొరకని వారమైనా ఈ ప్రాంతం వృథా పోదు. ఎవర్టన్ పురుషుల జట్టు 2025లో నది ఒడ్డున ఉన్న కొత్త స్టేడియానికి మారింది. 1892 నుంచి వాళ్ళకు ఇల్లయిన గుడిసన్ పార్క్‌లో ఇప్పుడు మహిళల జట్టు ఆడుతోంది. అంతటి చరిత్ర ఉన్న మైదానంలో తక్కువ ధరకు, తేలిగ్గా దొరికే టికెట్‌తో కూర్చోవచ్చు. మాంచెస్టర్ రైల్లో గంట లోపే. అక్కడి మాంచెస్టర్ యునైటెడ్ స్టేడియం ఓల్డ్ ట్రఫర్డ్ 1910 నాటిది. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ విమాన ప్రమాదంలో 8 మంది యునైటెడ్ ఆటగాళ్ళతో కలిపి 23 మంది చనిపోయారు, ఆ తేదీ రాసిన గడియారం స్టేడియం గోడ మీద ఉంది. పక్కనే లక్షమంది పట్టే కొత్త స్టేడియం కడతామని క్లబ్ 2025లో ప్రకటించింది కాబట్టి, యునైటెడ్ అభిమానులు పాతదాన్ని చూడటం మరీ వాయిదా వేయకండి. జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియం కూడా మాంచెస్టర్‌లోనే ఉంది.

## డోర్ట్‌మండ్, చుట్టుపక్కల

ఏ క్లబ్ మీదా ప్రత్యేకమైన మమకారం లేదు, ఆట అంటే ప్రాణం అనేవాళ్ళకు నేను మొదట చెప్పే పేరు ఇది. 81,365 మంది పట్టే స్టేడియం, అందులో దక్షిణం వైపు స్టాండ్‌లో దాదాపు 25 వేలమంది నిలబడే చూస్తారు. నిలబడి చూసే స్టాండుల్లో యూరప్‌లో అంత పెద్దది ఇంకొకటి లేదు. అభిమానులు దాన్ని పసుపు గోడ అంటారు. నిలబడే టికెట్ ధర సుమారు 20 యూరోలు.

జర్మనీలో క్లబ్ ఓటింగ్ హక్కుల్లో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది, మినహాయింపులు కొద్ది. అభిమానుల మాట చెల్లుతుంది కాబట్టే అక్కడ ఇంకా నిలబడే స్టాండులు ఉన్నాయి, టికెట్లు అందుబాటు ధరలో ఉన్నాయి. గోల్ పడినప్పుడు చూడండి. అనౌన్సర్ మైకులో ఆటగాడి పేరు మాత్రమే అరుస్తాడు, ఇంటిపేరు స్టేడియం మొత్తం అందుకుంటుంది. మళ్ళీ పేరు, మళ్ళీ ఇంటిపేరు. మూడోసారికి మీకు జర్మన్ ఒక్క ముక్క రాకపోయినా మీ గొంతూ కలిసిపోతుంది.

అయితే పసుపు గోడలో చోటు దొరకడం తేలిక అని చెప్పను. అక్కడ సీజన్ టికెట్లదే రాజ్యం. మిగతా స్టాండుల్లో ప్రయత్నించండి, క్లబ్ సొంత రీసేల్ సైట్‌ను రోజూ చూస్తూ ఉండండి. అదీ కుదరకపోతే ఈ ప్రాంతం ఆదుకుంటుంది. లోకల్ రైళ్ళలో వెళ్ళిరాగల దూరంలో గెల్సెన్‌కిర్షెన్, బోకుమ్, లెవర్‌కూసెన్, కొలోన్, మొంషెన్‌గ్లాడ్‌బాక్ ఉన్నాయి. లెవర్‌కూసెన్ 2023-24లో లీగ్‌లో ఒక్క ఓటమీ లేకుండా టైటిల్ గెలిచింది. గెల్సెన్‌కిర్షెన్‌లోని షాల్కే రెండో డివిజన్‌కు పడిపోయినప్పుడు కూడా 62 వేల స్టేడియం నిండింది. శుక్రవారం రాత్రి ఒక ఊళ్ళో, శనివారం మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో, ఆదివారం మరో ఊళ్ళో మ్యాచ్ చూసి రావడం ఇక్కడ సాధ్యమే. లండన్‌ను పక్కన పెడితే యూరప్‌లో ఇలాంటి చోటు నాకు తెలిసి ఇంకొకటి లేదు.

ఊరి అందం కోసం వచ్చేవాళ్ళకు మాత్రం నచ్చకపోవచ్చు. ఒకప్పటి బొగ్గు గనుల, ఉక్కు ఫ్యాక్టరీల ప్రాంతం ఇది. స్టేషన్ ఎదురుగానే జర్మన్ ఫుట్‌బాల్ మ్యూజియం ఉంది, బాగుంటుంది. దాని తర్వాత చూడటానికి కొలోన్ వెళ్ళాల్సిందే. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరిలో లుఫ్తాన్సా నేరు విమానం మొదలుపెట్టింది, అక్కడి నుంచి రైలు.

డోర్ట్‌మండ్ ఉన్న నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలోనే మాస్టర్స్ చదువుతున్న తెలుగు పిల్లలకు ఒక మాట. మీ సెమిస్టర్ టికెట్ ఉంటే లోకల్ రైళ్ళకు విడిగా డబ్బు కట్టక్కర్లేదు. ఆకెన్‌లో ఉన్నవాళ్ళు అలెమానియా ఆకెన్ మ్యాచ్‌కు వెళ్ళి చూడండి. కింది డివిజన్ జట్టే, అయినా 33 వేలమంది పట్టే స్టేడియం, జనం బాగా వస్తారు. బయర్న్ టికెట్ కోసం ఎదురుచూస్తూ రెండేళ్ళూ గడిపేయకండి.

## మాడ్రిడ్, బార్సిలోనా

కుటుంబంతో వెళ్తుంటే మాడ్రిడ్‌కే నా ఓటు. 1947లో తెరిచిన రియల్ మాడ్రిడ్ స్టేడియం బెర్నబేవును ఈమధ్యే కొత్తగా తీర్చిదిద్దారు. పైకప్పు మూసుకుంటుంది, మైదానం పచ్చికను ముక్కలుగా నేల కిందికి దించేస్తారు. మెట్రో పదో లైన్ గేటు ముందే దింపుతుంది. సభ్యులకు ఇచ్చాక మిగిలిన టికెట్లు క్లబ్ సైట్‌లోనే అందరికీ అమ్ముతారు, ధర మాత్రం ఘాటుగానే ఉంటుంది. 15 యూరోపియన్ కప్పులు (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) వరసగా పెట్టిన మ్యూజియం చూస్తే ఆట తెలియని పిల్లలకు కూడా కళ్ళు చెదురుతాయి.

సందడి విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ రాత్రి అయితే దద్దరిల్లుతుంది. మామూలు లీగ్ మ్యాచ్‌కు జనం విమర్శకుల్లా కూర్చుంటారు, సొంత ఆటగాడు బాగా ఆడకపోతే ఈలలు వేస్తారు. గోల చేసే జనం కావాలంటే అదే నగరంలో అట్లెటికో 2017లో మారిన మెట్రోపాలిటానో ఉంది. లేదా రాయో వాయెకానో స్టేడియానికి వెళ్ళండి. దానికి మూడు వైపులే స్టాండులు. నాలుగో వైపు గోడ, గోడ వెనక అపార్ట్‌మెంట్లు. అక్కడివాళ్ళు బాల్కనీల్లో నిలబడి మ్యాచ్ చూస్తుంటారు. కోట్ల రూపాయల హంగులున్న బెర్నబేవు కంటే ఆ గోడే నాకు ఎక్కువ నచ్చుతుంది.

బార్సిలోనా రెండున్నర మూడు గంటల రైలు ప్రయాణం. సొంత స్టేడియం క్యాంప్ నౌ పునర్నిర్మాణం వల్ల జట్టు 2023 నుంచి మోంజుయిక్ కొండ మీది ఒలింపిక్ స్టేడియంలో ఆడి, 2025 నవంబరులో తక్కువ సీట్లతో సొంత ఇంటికి తిరిగొచ్చింది. పని పూర్తయ్యాక లక్షా 5 వేలమంది పడతారు. బార్సా అభిమానులకు తొందర లేకపోతే అప్పటిదాకా ఆగమనే చెబుతాను.

స్పెయిన్‌లో రాత్రి 9 గంటల మ్యాచ్‌లు మామూలే. చిన్నపిల్లలుంటే సాయంత్రం మ్యాచ్ చూసుకోండి.

## మిలాన్

మిగతా ఊళ్ళను వాయిదా వేయొచ్చు, సాన్ సిరోను వేయలేం. 1926లో కట్టిన ఈ స్టేడియం ఏసీ మిలాన్, ఇంటర్ రెండింటిదీ. 2025లో రెండు క్లబ్బులూ కలిసి దాన్ని నగరపాలక సంస్థ నుంచి కొన్నాయి. పక్కనే కొత్తది కట్టి, పాతదాన్ని చాలావరకు కూల్చేసే ఆలోచనలో ఉన్నాయి. మూలల్లో ఆ గుండ్రటి కాంక్రీట్ స్తంభాలు, వాటి చుట్టూ మెలికలు తిరుగుతూ పైకెక్కే దారులు, పైన ఎర్ర ఇనుప దూలాలు ఇంకెన్నాళ్ళు ఉంటాయో. 90ల్లో దూరదర్శన్‌లో ఇటలీ ప్రపంచకప్ చూసినవాళ్ళకు ఈ స్టేడియం గుర్తుండే ఉంటుంది. 1990లో కామెరూన్ అర్జెంటీనాను ఓడించిన ఆ మొదటి మ్యాచ్ ఇక్కడిదే.

డెర్బీ (ఒకే ఊరి రెండు జట్ల పోటీ), ఇతర పెద్ద మ్యాచ్‌లు వదిలేస్తే టికెట్ దొరకడం ఇంగ్లండ్ అంత కష్టం కాదు. అయితే ఇటలీలో టికెట్ మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర గుర్తింపు కార్డు అడుగుతారు. ఇంటిపేరు ఇనీషియల్‌గా రాసుకునే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు, పేరు ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా అలాగే నింపండి. గొడవలు జరిగే అవకాశం ఉన్న మ్యాచ్‌లకు ఒక్కోసారి కొన్ని స్టాండులు మూసేస్తారు, అందుకని రెండో మ్యాచ్ ఒకటి ఆలోచనలో పెట్టుకోండి. ఇంట్లోవాళ్ళకు డ్యుఓమో చర్చి ఉంది, షాపింగ్ ఉంది, రైల్లో గంట దూరంలో కోమో సరస్సు ఉంది.

మారడోనా భక్తులైతే మిలాన్‌తో ఆగకండి, నేపుల్స్ వెళ్ళండి. ఆయన పోయిన కొద్ది రోజులకే, 2020 డిసెంబరులో అక్కడి స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. పాత బస్తీ సందుల్లో ఒక భవనం నిండా ఉన్న ఆయన బొమ్మ ముందు జనం ఇప్పటికీ దండలు, కొవ్వొత్తులు పెడతారు.

## బ్యూనస్ ఐరిస్

ఇది మొదటి ప్రయాణానికి కాదు. మన దగ్గర నుంచి నేరు విమానం లేదు, ఎటు నుంచి వెళ్ళినా ఒక రోజు పైనే పడుతుంది. వీసా కోసం ఢిల్లీలోని రాయబార కార్యాలయాన్నో ముంబైలోని కాన్సులేట్‌నో సంప్రదించాలి. బోకా స్టేడియం బొంబొనేరాలో టికెట్లు సభ్యులకే సరిపోవు. విదేశీయులు ఎక్కువగా ఏజెన్సీల ద్వారా, చాలా రెట్లు ఎక్కువ ధరకు వెళ్తారు. గైడ్ వెంట వచ్చే, పేరున్న ఏజెన్సీ అయితేనే సిద్ధపడండి. 2013 నుంచి అక్కడ లీగ్ మ్యాచ్‌లకు బయటి జట్టు అభిమానులను దాదాపుగా రానివ్వడం లేదు. అయినా నిట్టనిలువుగా ఉండే ఆ స్టాండుల్లో జనం ఒక్కసారిగా ఎగిరితే కాళ్ళ కింద కాంక్రీట్ ఊగడం తెలుస్తుంది.

బోకా దొరకకపోతే లా పాటర్నాల్ పేటలోని అర్హెంటినోస్ జూనియర్స్ మైదానానికి వెళ్ళండి. మారడోనా 1976లో పదిహేనేళ్ళ వయసులో మొదటి మ్యాచ్ ఆడింది ఆ క్లబ్ తరఫునే. జనవరి మాత్రం వద్దు, ఎక్కువ భాగం సెలవుల్లోనే పోతుంది.

## ఎవరు ఎటు

పదేళ్ళుగా ఒకే జెర్సీ వేసుకుంటున్నవాళ్ళు పోలికలన్నీ పక్కన పెట్టి మీ క్లబ్ దగ్గరికే వెళ్ళండి. ప్రత్యర్థిని మాత్రం తెలివిగా ఎంచుకోండి. డెర్బీ కోసం పట్టుబడితే ఏళ్ళు గడుస్తాయి. పట్టికలో మధ్యలో ఉన్న జట్టుతో మ్యాచ్‌కు, దేశవాళీ కప్పుల తొలి రౌండ్లకు టికెట్ దొరికే అవకాశం చాలా మెరుగు. మీ జట్టు గెలిచే అవకాశమూ ఎక్కువే.

సందడి కోసమైతే డోర్ట్‌మండ్. కుటుంబంతో అయితే మాడ్రిడ్. వారం పైన సెలవు ఉండి షెంగెన్ వీసా ఎలాగూ తీసుకుంటున్నవాళ్ళు డోర్ట్‌మండ్, మిలాన్ కలిపి చూడండి. డబ్బుకు తగ్గ ఆట దీనికి మించి ఇంకెక్కడా దొరకదని నా నమ్మకం.

ఇప్పట్లో విదేశం వీలుకాదు అనుకునేవాళ్ళు కోల్‌కతాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ డెర్బీ చూసి రండి. ఒకటి 1889లో, ఇంకొకటి 1920లో పుట్టిన క్లబ్బులు. ఆ పోటీ చూడటానికి వీసా అక్కర్లేదు, స్లీపర్ టికెట్ చాలు. మన హైదరాబాద్‌కు కూడా ఆ చరిత్రలో చోటుంది. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి 54 వరకు వరసగా ఐదుసార్లు ముంబైలో జరిగే రోవర్స్ కప్ టోర్నీ గెలిచిన రోజుల్లో, కోల్‌కతా పెద్ద క్లబ్బులు భయపడింది మన జట్టుకే.